వంటగదికి 3 లక్షలు అనుకున్నాము, కొటేషను 3,61,906 వచ్చింది: ఎక్కడ తగ్గించాలి?

పానగల్లు_వాసి
మా ఇల్లు నల్గొండలో 1998లో కట్టినది. వంటగది 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు ఉంటుంది. ఎల్ ఆకారంలో గట్టు, దాని కింద కడప బండల అరలు, పైన తలుపులు లేని సజ్జ ఉన్నాయి. సింకు కింది గోడ రెండేళ్లుగా చెమ్మ పట్టి గిలాబు రాలిపోతోంది. నల్లా పూర్తిగా తిప్పినా నీళ్లు దారంలాగా వస్తాయి. మొత్తం బాగుచేయించుకోవడానికి 3 లక్షలు దాచుకున్నాము. ఒక మాడ్యులర్ దుకాణం వారు వచ్చి కొలతలు తీసుకొని 3,61,906 రూపాయల కొటేషను ఇచ్చారు. అందులో కింది కబోర్డులు 49.5 చదరపు అడుగులు, పై కబోర్డులు 36, సజ్జ తలుపులు 36, వెరసి 121.5 చదరపు అడుగులు, అడుగుకు 1,800. సొరుగులు, స్టీలు బుట్టలకు 46,000, చిమ్నీకి, పొయ్యికి కలిపి 42,000, అంతటి మీద 18 శాతం జీఎస్టీ వేశారు. గ్రానైట్, టైల్స్, పైపులు, వైరింగు ఇందులో చేరవని ఆఖరి పేజీ అడుగున చిన్న అక్షరాలలో రాసి ఉంది. దానిని నేను ఇంటికి వచ్చిన తరువాతనే చదివాను. బతుకమ్మకు చెల్లెలు పిల్లలతో వస్తుంది. ఆషాఢంలో పని ముట్టుకోవద్దని అమ్మ అంటోంది కనుక శ్రావణంలో మొదలుపెట్టాలి. ఎక్కడ తగ్గించుకోవచ్చో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

మిర్యాల_బియ్యం
చిన్న అక్షరాలలో ఉన్నవాటికే మీకు ఇంకో లక్షన్నర అవుతుంది.

లెక్కల_పంతులు
కొటేషనులోని చదరపు అడుగులను ఒకసారి మీరే టేపు పెట్టి కొలవండి. మీ గోడలు 10, 8 అడుగులు. వారు రెండింటిని కూడి 18 అడుగులని, ఎత్తు రెండుంముప్పావు అడుగులని వేసి 49.5 తెచ్చారు. గట్టు లోతు 2 అడుగులు కాబట్టి మూల రెండు గోడలకూ ఉమ్మడిగా ఉంటుంది. దానిని ఒకసారే లెక్కించాలి. అప్పుడు 16 అడుగులే అవుతుంది, వైశాల్యం 44. పై కబోర్డులకు కూడా 18 అడుగులు వేశారు. మీరేమో 8 అడుగుల గోడలో కిటికీ ఉందో లేదో చెప్పలేదు.

పానగల్లు_వాసి
ఉన్నది. 4 అడుగుల వెడల్పు కిటికీ, సింకు దాని కిందనే ఉంటుంది.

లెక్కల_పంతులు
అయితే కిటికీ మీద కూడా కబోర్డు కడతామని మీకు బిల్లు వేశారన్నమాట. పై కబోర్డు లోతు 1 అడుగు. 10 అడుగుల గోడ పూర్తిగా, రెండో గోడలో మూల అడుగు, కిటికీ 4 అడుగులు తీసివేస్తే 3 అడుగులు మిగులుతాయి. 13 అడుగులను 2 అడుగుల ఎత్తుతో గుణిస్తే 26. సజ్జ తలుపులకు మూల తీసివేస్తే 32. మొత్తం 102 చదరపు అడుగులు. వారు రాసినది 121.5. తేడా 19.5 అడుగులకు 35,100 రూపాయలు, దాని మీద జీఎస్టీ కలిపితే 41,418. దీనిని మోసమని నేను అనను, ఎందుకంటే కొందరు మూలను రెండుసార్లు కొలవడం తమ పద్ధతి అని ముందే చెబుతారు. కానీ గాలికి తలుపులు పెట్టే పద్ధతి మాత్రం నేను ఎక్కడా చూడలేదు.

అటక_మీద_పిల్లి
కిటికీకి తలుపులు ఉంటాయి కదా పంతులు గారూ, వాటినే లెక్కించి ఉంటారు.

కృష్ణా_నీళ్లు
చిమ్నీ, పొయ్యి ధరలు డబ్బా మీద ముద్రించిన గరిష్ఠ ధరలేనా అని అడగండి. గరిష్ఠ చిల్లర ధరలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. దాని మీద మళ్లీ 18 శాతం వేస్తే 42,000కు 7,560 రూపాయలు అదనంగా కడుతున్నట్టే. నేను ఇలాగే ఒకసారి కట్టి, ఆరు నెలల తరువాత డబ్బా అటక మీద కనబడినప్పుడు గ్రహించాను.

తాపీ_మాట
22 ఏళ్లుగా మేస్త్రీ పని చేస్తున్నాను, దేవరకొండ వైపు ఎక్కువ. మీరు చెప్పిన రెండు లక్షణాలు, అంటే గోడ చెమ్మ, సన్నటి ధార, రెండూ ఒకే జబ్బు. 1998 నాటి ఇళ్లలో ఇనుప పైపులు వేసేవారు. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. పైపు లోపల తెల్లటి గార కట్టి అరంగుళం రంధ్రం పెన్సిలు దూరేంత అవుతుంది, బయట తుప్పు పట్టి అతుకుల దగ్గర కారుతుంది. మీరు లక్షల రూపాయల చెక్క పనిని ఆ గోడకు ఆనించి బిగిస్తే రెండేళ్లలో సింకు కింది కబోర్డు ఉబ్బి తలుపు మూసుకోదు. కాబట్టి ముందు గోడ తవ్వి, పైన ట్యాంకు దగ్గరి వాల్వు నుంచి వంటగది వరకు పైపు పూర్తిగా మార్చండి. సగం పాతది ఉంచి సగం కొత్తది వేస్తే ఆ గార ఊడి వచ్చి కొత్త నల్లాలోనే ఇరుక్కుంటుంది. పైపులు వేశాక చివరలు మూసి, నీళ్లు నింపి ఒక రోజంతా వదిలేయండి. అతుకులు తడవకపోతేనే గిలాబు చేయనివ్వండి. టైల్స్ అతికించిన తరువాత కారడం మొదలైతే మళ్లీ మీ డబ్బులే, మా సుత్తెలే.

ఇంకొకటి. మురుగు పైపు 3 అంగుళాలది వేసి, 40 అంగుళాల పొడవుకు ఒక అంగుళం వాలు ఉండేటట్లు చూడండి. అన్నం మెతుకులు నిలిచేది వాలు లేని చోటనే.

వనపర్తి_వదిన
తాపీ_మాట గారు చెప్పినది నూటికి నూరుపాళ్లు నిజం. మేము మొదట కబోర్డులు చేయించి, తరువాత పైపుల కోసం వాటిని విప్పించాము. విప్పిన కబోర్డు మళ్లీ మునుపటిలా కూర్చోదు.

అయితే నాకు ఒక అభ్యంతరం ఉన్నది. కడప బండల అరలను అందరూ ఎందుకు పగులగొట్టిస్తున్నారో నాకు అర్థం కాదు. మా ఇంట్లో రెండోసారి వాటిని అలాగే ఉంచి, ముందు అల్యూమినియం చట్రాలు బిగించి తలుపులు పెట్టించాము. 40 చదరపు అడుగులకు 22,000 అయింది. మా ఎర్రనేలలో చెదలు విపరీతం. పదిహేను వేల మందు కొట్టించినా చెదలు చెక్కను వెతుక్కుంటూ వస్తాయి గాని బండను మాత్రం తినవు.

పాలమూరు_చెక్క
వడ్రంగిగా నా మాట కూడా వినండి వదిన గారూ. ఆ బండల అరల లోతు రెండు అడుగులు, అర అరకు మధ్య ఎత్తు తక్కువ. వెనక పెట్టిన గిన్నె కావాలంటే నేల మీద మోకాళ్లు ఆనించి, చెయ్యి భుజం దాకా లోపలికి పోనిచ్చి తీయాలి. అరవై దాటినవారి బాధ అక్కడే మొదలవుతుంది. సొరుగు అయితే వెనకనున్నది ముందుకు వస్తుంది. అందుకని రెండు పద్ధతులనూ కలపవచ్చు: పొయ్యికి పక్కన రోజూ వాడే చోట మూడు నాలుగు సొరుగులు, మిగిలినచోట బండలు.

చెక్క వాడేచోట నీటి దగ్గర భారత ప్రమాణం ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైవుడ్, మిగిలినచోట ఐఎస్ 303లో నీటిని తట్టుకునే రకం అడగండి. ముద్ర ప్రతి పలక మీదా ఉంటుంది. కోయకముందే మీ కళ్లతో చూడండి. 8 అడుగులకు 4 అడుగుల పలక అంటే 32 చదరపు అడుగులు. ఎన్ని పలకలు దిగాయో, ఎన్ని వాడారో రాసుకుంటే చాలు. కొటేషనులలో రాసే ‘ఇంజనీర్డ్ వుడ్’ అన్న మాటకు అర్థం ఏమిటో తప్పక అడగండి, ఎందుకంటే ఆ పేరు కింద పొట్టును జిగురుతో నొక్కి చేసిన పలక కూడా వస్తుంది. అది తడి తగిలితే నానిన అటుకుల్లా ఉబ్బుతుంది.

వనపర్తి_వదిన
మోకాళ్ల సంగతి ఒప్పుకుంటున్నాను. మా అత్తమ్మ కోసం చేపల బుట్టంత సొరుగు ఒకటి పెట్టించవలసి వచ్చింది. చెదల సంగతి మీరు ఒప్పుకోండి.

పాలమూరు_చెక్క
ఒప్పుకున్నాను. నాకు సగం పని ఇచ్చేది చెదలే.

జొన్నరొట్టె
ఇంతవరకు ఎవరూ వంట గురించి మాట్లాడలేదు. మీ ఇంట్లో రోజూ ఏమి చేస్తారు? మాది నారాయణపేట వైపు, రాత్రిపూట జొన్నరొట్టెలు లేకపోతే భోజనం కానట్టే. మాడ్యులర్ దుకాణం వారు అందరికీ 34 అంగుళాల గట్టు వేసేస్తారు. మా అమ్మ ఎత్తు 5 అడుగులు. ఆ ఎత్తు మీద రొట్టె కొట్టాలంటే భుజాలు పైకెత్తవలసి వస్తుంది, అరచేయి బరువు పిండి మీద పడదు, అంచులు పగులుతాయి. పైగా గట్టు మీద పొయ్యి ఇంకో ఐదు అంగుళాలు, దాని మీద పెనం. కుండలో ఏముందో మునివేళ్ల మీద నిలబడి చూడవలసిన గతి పట్టింది. చివరికి ఆమె కొత్త గట్టును వదిలి పెరట్లో పీట వేసుకొని కట్టెల పొయ్యి మీదనే చేసుకుంటోంది. మేము పెట్టిన రెండు లక్షల ఎనభై వేలు టీ కాచుకోవడానికి పనికివస్తున్నాయి.

వంట చేసే మనిషిని నిలబెట్టి, మోచేయి మడిచి, దానికి నాలుగైదు అంగుళాలు కిందికి కొలిస్తే గట్టు ఎత్తు వస్తుంది. రొట్టె కొట్టే చోటు ఇంకా కిందికి, 28 దగ్గర ఉండాలి.

పానగల్లు_వాసి
ఇది చదివి అమ్మను నిలబెట్టి కొలిచాను. మోచేయి 36 అంగుళాల దగ్గర ఉన్నది. అంటే 34 ఎత్తు ఆమెకు పనికిరాదు. మా ఆవిడకు 33 బాగుంటుంది. ఇద్దరూ వండుతారు. ఏమి చేయాలి?

తాపీ_మాట
ఒకే గట్టుకు రెండు ఎత్తులు పెట్టవచ్చు, కష్టమేమీ కాదు. పొడవాటి గోడకు 33 ఉంచి, చివర 3 అడుగుల ముక్కను 28కి దించితే అదే రొట్టెల చోటు. పొయ్యి దగ్గర కూడా రెండున్నర అడుగుల మేర నాలుగు అంగుళాలు దించితే పొయ్యి పైభాగం గట్టుకు ఇంచుమించు సమంగా వస్తుంది. గ్రానైటును మూడు ముక్కలుగా కోయాలి, అంచు మోల్డింగు కొంచెం పెరుగుతుంది, అంతే. ఆ రొట్టెల చోట బండ కింద గోడ ఆధారం తప్పక కట్టించండి. రోజూ కొట్టే దెబ్బలకు అంచు గాలిలో వేలాడుతూ ఉంటే ఏదో ఒక రోజు చీలుతుంది.

ఎత్తు ఎప్పుడూ తయారైన నేల మీద నుంచి కొలవాలి. పాత బండలు తవ్వకుండా వాటి మీదనే టైల్స్ వేస్తే నేల అంగుళంన్నర పైకి వస్తుంది. తలుపు సంగతి కూడా అప్పుడే చూసుకోండి.

శాస్త్రోక్తం
ఆగ్నేయ మూలలో పొయ్యి, తూర్పు ముఖంగా వంట, ఈశాన్యంలో నీళ్లు ఉండాలి. గట్టు ఎత్తులు తరువాత చూసుకోవచ్చు. కొటేషనులో దిక్కులు ఎక్కడా లేవు.

అటక_మీద_పిల్లి
కొటేషనులో దిక్కులు ఉంటే వాటికి కూడా చదరపు అడుగుకు 1,800 వేసేవారు.

పానగల్లు_వాసి
శాస్త్రోక్తం గారూ, మా పొయ్యి ఆగ్నేయంలోనే ఉన్నది, దానిని కదిలించడం లేదు. ఖర్చు దృష్ట్యా కూడా సింకునూ పొయ్యినీ ఉన్నచోటనే ఉంచడం మేలని అనుకుంటున్నాను.

లెక్కల_పంతులు
మంచి నిర్ణయం. సింకును ఎదురు గోడకు మారిస్తే మురుగు పైపు కోసం నేలంతా తవ్వాలి.

కృష్ణా_నీళ్లు
సింకు దగ్గర రెండు నల్లాలు పెట్టించుకోండి, ఒకటి బోరుకు, ఒకటి భగీరథ పథకం తాగునీళ్లకు. రెండింటి పైపులు ఎక్కడా కలవకూడదు. నల్గొండ మనిషికి ఫ్లోరైడ్ గురించి చెప్పనవసరం లేదు. లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు మంచిది, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు అనుమతి అని ప్రమాణం. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా మన ఊరి పేరే పెట్టారు. గర్వపడాలో ఏడవాలో తెలియదు. కాచితే పోతుందని ఇప్పటికీ నమ్మేవారు ఉన్నారు. కాచితే నీరు ఆవిరై, మిగిలినదానిలో ఫ్లోరైడ్ పాలు పెరుగుతుంది. అందుచేత వంటకు, పప్పు ఉడకడానికి కూడా భగీరథ నల్లానే వాడండి. ఆర్వో పెట్టుకుంటే దానికి నీళ్ల పాయింటు, కరెంటు పాయింటు, వదిలేసే నీళ్లకు ఒక గొట్టం ఇప్పుడే గోడలో పెట్టించండి. ఆ వదిలే నీళ్లను బకెట్‌లోకి పట్టుకుంటే గిన్నెలు తోమడానికి పనికివస్తాయి.

మిర్యాల_బియ్యం
కరెంటు గురించి నేను చెబుతాను, ఎందుకంటే మా ఇంట్లో ప్లగ్గు కరిగింది. 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి దాదాపు 9 ఆంపియర్లు తీసుకుంటుంది. దానిని మిక్సీకి పెట్టిన 6 ఆంపియర్ల ప్లగ్గులో పెట్టాము. బోర్డు నుంచి వంటగదికి ప్రత్యేకంగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగించి, 16 ఆంపియర్ల ప్లగ్గులు కనీసం మూడు పెట్టించండి. తడి చేతులతో పని చేసే చోటు కనుక కరెంటు లీకైతే వెంటనే సరఫరాను ఆపే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. టైల్స్ వేసిన తరువాత గుర్తుకు వచ్చే ప్రతి ప్లగ్గూ గోడ మీద తెల్లటి కేసింగు పట్టీగా వేలాడుతుంది.

దేవరకొండ_దారి
గ్రానైట్ కొనేటప్పుడు రెండు జాగ్రత్తలు. నల్ల గ్రానైటుకు కొన్నిచోట్ల రంగు పూసి అమ్ముతారు. గోళ్ల రంగు తుడిచే ద్రవంలో గుడ్డ ముంచి రుద్దితే నలుపు అంటుకుంటుంది. రెండవది, మీ గట్టు 16 అడుగులకు 2 అడుగుల లోతు అంటే 32 చదరపు అడుగులే గాని దుకాణంలో బిల్లు మొత్తం బండకు వేస్తారు. మిగిలిన ముక్కలు మీవే, ఆటోలో ఎక్కించుకొని రండి. కిటికీ అడుగున, గడపకు, సబ్బు పెట్టుకునే చోటికి పనికివస్తాయి. సింకు రంధ్రానికి, పొయ్యి రంధ్రానికి, అంచు మోల్డింగుకు విడివిడిగా తీసుకుంటారు కనుక అన్నిటినీ కలిపి ఒక మాట మాట్లాడుకోండి. కరీంనగర్ టాన్ బ్రౌన్ అయితే నలుపు కంటే నీటి మరకలు తక్కువగా కనబడతాయి. మన బోరు నీళ్లకు నలుపు బండ ప్రతిరోజూ తెల్లబడుతుంది.

జొన్నరొట్టె
సజ్జ తలుపులకు అంత డబ్బు అవసరమా? 32 అడుగులకు 1,800 చొప్పున 57,600. ఏడాదికి రెండుసార్లు తీసే పెళ్లినాటి ఇత్తడి గంగాళాలకు ఆ సొమ్ము.

అటక_మీద_పిల్లి
నా నివాసం గురించి చర్చించేటప్పుడు నా అభిప్రాయం తీసుకోవలసింది. తలుపులు వద్దు, తెర చాలు.

పాలమూరు_చెక్క
సజ్జ తలుపులు వచ్చే ఏడాది కూడా వేసుకోవచ్చు. పైపులూ వైర్లూ వచ్చే ఏడాది వేసుకోలేరు. అయితే చెక్క పనికి తుది కొలతలు టైల్స్ వేశాకనే తీసుకోనివ్వండి. పాత గోడలు ఎక్కడా మూలమట్టానికి ఉండవు. గిలాబు మీద కొలిచి వర్క్‌షాపులో కోసుకొని వస్తే అరంగుళం ఖాళీ వచ్చి, దానిని కప్పడానికి పట్టీలు కొట్టవలసి వస్తుంది. వర్షాకాలంలో గిలాబు ఆరడానికి ఆలస్యమవుతుంది, తొందరపెట్టకండి.

వనపర్తి_వదిన
పని జరిగే రోజులలో వంట ఎక్కడ? దీనిని ఏ మగవారూ రాయలేదు. వరండాలో బల్ల మీద పొయ్యి, పక్కన రెండు బకెట్లు, గిన్నెలు తోమడానికి పెరట్లో ఒక నల్లా ముందే సిద్ధం చేసుకోండి. మాకు 12 రోజులన్న పని 31 రోజులు పట్టింది. బయటి నుంచి తెప్పించిన టిఫిన్లను, కర్రీ పాయింటు కూరలను బడ్జెట్టులో రాసుకోకపోతే లెక్క ఎప్పటికీ తేలదు.

పానగల్లు_వాసి
అందరి మాటలూ కాగితం మీద పెట్టుకొని మళ్లీ ఆ దుకాణానికి వెళ్లాను. కిటికీ సంగతి అడిగితే ‘కంప్యూటరు అలా తీసుకుంది’ అన్నారు. చదరపు అడుగులు తగ్గించారు గాని సింకు కింద ఏ పలక వాడతారో రాసి ఇవ్వడానికి ఒప్పుకోలేదు. అందుకని స్థానికంగా ఒక వడ్రంగిని, ఒక మేస్త్రీని విడివిడిగా కుదుర్చుకున్నాము. శ్రావణంలో రెండో శుక్రవారం దాటాక మొదలు.

లెక్కల_పంతులు
సామాను మీది, కూలి వారిది అన్న పద్ధతా, లేక మొత్తం గుత్తకా?

పానగల్లు_వాసి
తాపీ పనికి సామాను మాది. చెక్క పని వడ్రంగికి గుత్త, ప్లైవుడ్ ముద్ర చూపించి కోయాలన్న షరతుతో. ప్రతి దశకూ డబ్బు ఇస్తాము, చివరి పదో వంతు తలుపులన్నీ సరిగా మూసుకున్నాక.

తాపీ_మాట
పాత గోడ తవ్వినప్పుడు ఏమి బయటపడుతుందో ఎవరూ చెప్పలేరు కనుక 30,000 అయినా ముట్టుకోకుండా పక్కన పెట్టుకోండి. సిమెంటుకు 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పాత రేటుతో వేసిన అంచనా ఎవరైనా చూపిస్తే ఆ సంగతి గుర్తు చేయండి.

పానగల్లు_వాసి
ఏడు వారాల తరువాత మళ్లీ రాస్తున్నాను. పని నిన్న ముగిసింది. కూల్చివేతకు, మట్టి ఎత్తడానికి 14,000 అయింది. పైపులు, సింకు, నల్లాలు కలిపి 31,500. ఇనుప పైపును కోసి చూపించినప్పుడు అందులో పెన్సిలు కూడా దూరలేదు. వైరింగుకు 19,000, టైల్స్‌కు కూలితో సహా 38,000, గ్రానైటుకు 27,500. చెక్క పని 70 చదరపు అడుగులు, అడుగుకు 1,750 చొప్పున 1,22,500. సొరుగుల పట్టాలు, బుట్టలకు 22,000. చిమ్నీ 16,500, పొయ్యి పాతదే. బయటి భోజనాలకు 11,400. మొత్తం 3,02,400. వదిన గారు చెప్పకపోతే ఆ ఆఖరి పద్దు నేను రాసేవాడిని కాదు, అప్పుడు 3 లక్షలలోపే అయిందని చెప్పుకునేవాడిని. సజ్జకు తెర వేశాము.

అటక_మీద_పిల్లి
కృతజ్ఞతలు.

జొన్నరొట్టె
రొట్టెల చోటు 28 దగ్గరే పెట్టారా?

పానగల్లు_వాసి
28 పెట్టాము. అమ్మ మొదటి రోజు ‘పీట మీదనే నాకు బాగుంటుంది’ అన్నది. మూడో రోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి అక్కడే నిలబడి కొడుతోంది, నేను చూశానని ఏమీ అనలేదు.

తాపీ_మాట
నేల తవ్వి వేశారా, పాత బండల మీదనేనా?

పానగల్లు_వాసి
పాత బండల మీదనే వేశాము. గట్టు ఎత్తు మాత్రం మీరు చెప్పినట్టే కొత్త నేల నుంచి కొలిపించాము. తలుపు సంగతి మరచిపోయాము. బతుకమ్మ మొదటి రోజు, ఎంగిలిపూల నాడు చెల్లెలు వచ్చేసరికి వంటగది తలుపు సగం తెరుచుకొని ఇరుక్కుంది. పక్కకు తిరిగి లోపలికి పోయి పూలు కడుక్కుంది. రేపు వడ్రంగి వచ్చి కింద అంగుళంన్నర కోస్తానన్నాడు, 600 అడిగాడు.

లెక్కల_పంతులు
అయితే 3,03,000.